మూసీ ఒడ్డున మా కాగితం మిల్లు గోడ

1948 వైశాఖం, మంగళవారం రాత్రి, సూర్యాపేట

తాత నున్నగా సున్నం పట్టించిన మిల్లు గోడ మీద ఎవరో ఎర్రమన్నుతో ‘వెట్టి బంద్’ అని రాసిపోయారు. పొద్దున పోలీసు అమీన్ సోదాకు వస్తున్నాడని తెలిసింది. కడిగే వ్యవధి లేక నాన్నా నేనూ పచ్చి కాగితాలను, రోజూ ఆరబెట్టినట్టే, ఆ రాత మీద అంటించేశాం.

అమీన్ వచ్చి గోడకు ఎదురుగా మంచం వేసుకొని కూర్చున్నాడు. ఎండకు కాగితాల అంచులు లేవసాగాయి.

“ఇగ తియ్యరా?” అన్నాడు.

“జర పచ్చిగున్నయి సాబ్, సినుగుతయి,” అన్నాడు నాన్న.

“సరే, కచేరీల రాతకు కాయితాలు కావాలె, రేపు గివే తీస్కరా,” అని లేచిపోయాడు.

సాయంత్రం ఊడదీశాం. గోడ మళ్లీ తెల్లగా ఉంది. ఎర్రమన్ను రాతంతా కాగితాల వెనక్కి దిగింది.