నమలొద్దు, మింగు

2-7-2001, సోమవారం

స్కోపు కొరికింది పెద్దాయన. పనిలోంచి తీసేసింది కరీముల్లా మామను.

రెండు వాక్యాలు. ఎవరికి చదివి వినిపించినా తప్పెవరిదో చెప్తారు. మా ఆస్పత్రిలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

శనివారం జరిగింది. మా దువ్వూరు వైపు నాయకుడు చెన్నకేశవ, అందరికీ పెద్దాయన, కడుపులో మంట అని ఎండోస్కోపీకి వచ్చాడు. మండల ఎలక్షన్ల టైము. వెంట ఆరుగురు మనుషులు. నలుగురు మెట్ల దగ్గర, ఇద్దరు ప్రొసీజర్ రూములోనే, చెప్పులతో. గొంతు మొద్దుబారడానికి మందు స్ప్రే కొట్టబోతే, ముందు నీ నోట్లో కొట్టుకో అన్నారు. మామ నవ్వుతూ నోరు తెరిచి కొట్టుకున్నాడు. చూడప్పా, నేనింకా ఈడ్నే ఉండా అన్నాడు.

స్కోపు ట్యూబు గొంతులోకి సగం దిగాక పెద్దాయనకు వాంతి వచ్చినట్టయింది. పళ్ల మధ్య పెట్టిన మౌత్‌గార్డు బయటికి జారింది. పళ్లు స్కోపు మీద పడ్డాయి. టక్.

మౌత్‌గార్డు జారకుండా పట్టీతో తల వెనక్కు కట్టాలి. పట్టీ కట్టలేదు, అది కరీముల్లా తప్పు అని డాక్టరు తేల్చాడు. మామ కూడా, అవును సార్, మర్చిపోయినా అన్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసు మనిషి.

పెద్దాయనను మాత్రం డాక్టరు కారు దాకా వెళ్లి సాగనంపాడు.

3-7-2001

ఐదు కేసులు వెనక్కి పంపాం. మామ స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

4-7-2001, బుధవారం, మధ్యాహ్నం

పని లేదు. రాసుకుంటున్నాను.

తొంభై ఎనిమిదిలో ఈ రూములోకి నేల తుడవడానికి వచ్చాను. ఇంటర్ ఫెయిలు. మామ అప్పటికే కువైట్ ఆస్పత్రుల్లో ఈ పని నేర్చుకుని వచ్చి ప్రొద్దుటూరులో పేరున్న టెక్నీషియన్. మొదటి రోజే నా చేతిలోని మాపు చూసి, ఏమప్పా, నేలనే చూస్తాండావు, పైన మిషనుంది చూడు అన్నాడు.

సాయంత్రం స్కోపు కడిగాక నీళ్ల టబ్బులో ముంచి లోపలికి గాలి కొట్టేవాళ్లం. బుడగ వస్తే ఎక్కడో చిల్లి పడ్డట్టు. ఇద్దరం టబ్బు మీదికి కొంగల్లా వంగి చూసేవాళ్లం. మామ ఊపిరి కూడా బిగబట్టేవాడు, తన ఊపిరికి నీళ్లు కదులుతాయని. బుడగ రాకపోతే అల్‌హందులిల్లా, ఇంకో దినం బతికింది అని టీ చెప్పేవాడు. ఎంత కడిగినా వేళ్లకు మందు వాసన. ఆ వాసనతోనే తాగేవాళ్లం. ఈ రోజు అదే కొట్టు నుంచి టీ తెప్పించుకున్నాను. సగం పారబోశాను.

మిషను పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలల్లో నమిలేశాను. మామకు ఇంగ్లీషు చదవడం రాదు. నేను చదివి చెబితే ఆయన వేళ్లతో చేసి చూపించేవాడు. పుస్తకం నీది, చెయ్యి నాది అనేవాడు.

ట్యూబు లోపలికి పోయేటప్పుడు డాక్టరు స్వాలో, స్వాలో అని అరుస్తాడు. జనం ఇంకా బిగుసుకుపోతారు. మామ తల పట్టుకుని చెవి దగ్గర మెల్లగా, సంగటి ముద్ద అనుకో తల్లీ, నమలొద్దు, మింగు అనేవాడు. ఎర్రగుంట్ల లారీ డ్రైవర్లయినా, పులివెందుల ముసలమ్మలయినా గుటుక్కున మింగేవాళ్లు. రాగి సంగటి తిని పెరిగిన గొంతులకు ఇంకేం చెప్పాలి? ఒకసారి జమ్మలమడుగు పెద్దసుబ్బమ్మ ట్యూబు తీసీ తీయకముందే, ముద్ద సరేలే అప్పా, నంజుకోను ఊరిబిండి యాడ అని అడిగింది. డాక్టరు కూడా మాస్కు తీసి నవ్వాడు. అప్పట్లో నవ్వేవాడు.

ఆ రోజే మామ నన్ను మొదటిసారి స్కోపుకు కన్ను ఆనించే ఐపీసులోంచి చూడనిచ్చాడు. గొర్రెల కాపరి కొడుకును, కోసిన గొర్రె పొట్టలు ఎన్నో చూశాను. బతికున్న మనిషి పొట్ట వేరు. తడిగా, గులాబీ రంగులో, తన మానాన తాను కదులుతోంది. మధ్యలో మూడు నల్ల చుక్కలు. పుండ్లా మామా అన్నాను. కాదప్పా, అవి స్కోపులో తెగిన గాజు దారాలు, దాని వయసు అన్నాడు.

శనివారం అందరూ వెళ్లాక అదే ఐపీసులోంచి చూశాను. సగం నలుపు.

5-7-2001, గురువారం

డాక్టరు పిలిచాడు. స్కోపును కంపెనీకి పంపాలంటే కాగితం కావాలట. కరీముల్లా పట్టీ కట్టడం మర్చిపోయాడు, నేను కళ్లారా చూశాను అని టైపు చేసి ఉంది. కింద నా పేరు: వెంకటేశు, ఎండోస్కోపీ టెక్నీషియన్. నా పేరు పక్కన ఆ మాట చూడటం ఇదే మొదలు. ఇన్నాళ్లూ వార్డుబాయ్. వచ్చే గురువారం కర్నూలు నుంచి వేరే స్కోపు వస్తుంది, నువ్వే చూసుకోవాలి, బుధవారం లోపల సంతకం పెట్టి ఇవ్వు అన్నాడు.

పెద్దాయన పేరు ఎందుకు లేదని అడిగాను. ఎలక్షన్లయ్యే దాకా ఆ పేరు ఎత్తకు, నీకూ నాకూ మంచిది అన్నాడు.

తిట్టి రావాల్సింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను.

6-7-2001

ఆయా మహమూదా అంటోంది, సన్నబియ్యం తిని తిని పెద్దాయన మింగేది మర్చిపోయింటాడు, మీ మామ ముద్ద అంటానే నమిలినాడని. పడీ పడీ నవ్వాను. తర్వాత స్టోరు రూములోకి వెళ్లి తలుపుకు గుద్దాను. చెయ్యి వాచింది.

8-7-2001, ఆదివారం

మామ ఇంటికి వెళ్లాను. మా వీధి చివరిదే, అయినా వారం పట్టింది.

చాంద్‌బీ అత్త తలుపు తీసి, వచ్చినావా నాయనా, మీ మామను తోలుకపో, ఇంట్లో కూచోని నా గిన్నెలన్నీ కడిగిందే కడుగుతాండాడు అంది. మామ పెరట్లో ఎవరిదో సైకిల్ ట్యూబు బకెట్లో ముంచి చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టి. నేనూ వెళ్లి పక్కన వంగాను. బుడగ వచ్చింది. దొరికినావురా అని ట్యూబును పట్టుకున్నాడు.

కాగితం చూపించాను. పెట్టప్పా సంతకం అన్నాడు. నాకు యాభై దాటినాయి, నీకు ఊర్లో అమ్మానాయన ఉండారు. పుస్తకం నీది, ఇంక చెయ్యి కూడా నీదే అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

బయల్దేరుతుంటే చొక్కా జేబులోంచి పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. కడిగినా, రూములో పెట్టు అన్నాడు.

9-7-2001, సోమవారం

ఇన్ని పేజీలు నింపాను, రాయాల్సింది రాయలేదు.

పట్టీ కట్టేది నేను. ప్రతి కేసులో నేనే. ఆ రోజూ కట్టాను. మామ పరీక్షకు ముక్క తీసే ఫోర్‌సెప్స్ కోసం అల్మారా వైపు తిరిగాడు, డాక్టరు అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నాడు. పెద్దాయన మౌత్‌గార్డు గడ్డం మీదికి లాగి, ఏంరా, గొడ్డుకు కట్టినట్టు నాకు చిక్కం కడతాండావే, మావాళ్లు చూడల్లనా అన్నాడు. యావూరు, ఎవరి కొడుకువని అడిగాడు. చెప్పాను. ఓహో, చెన్నయ్య కొడుకువా, మీ గొర్రెలు మేసేది మా బీట్లోనే గదా అని నవ్వాడు.

అంతే. అరవలేదు. బెదిరించలేదు. నా వేళ్లే వెళ్లి ముడి విప్పాయి. మౌత్‌గార్డు మాత్రం తనే పళ్ల మధ్య పెట్టుకున్నాడు, పట్టీ మెడ మీద ఊరికే పడి ఉంది.

మామ వచ్చి ప్రతిసారీ అడిగే మాటే అడిగాడు. కట్టినావా?

కట్టినా మామా అన్నాను.

మొదటి ఏడాది నేను కట్టాక కూడా తడిమి చూసేవాడు. తర్వాత మానేశాడు. సర్టిఫికెట్ లేనివాణ్ణి. ఆయన తడిమి చూడకపోవడమే నా సర్టిఫికెట్.

కొరికినప్పుడు డాక్టరు కన్ను ఐపీసుకు అతుక్కుని ఉంది, అతనేమీ చూడలేదు. కొరికాక మామ పట్టీ అందుకున్నాడు. తెగలేదు, ముడి విప్పి ఉంది. నా వైపు ఒకసారి చూసి జేబులో పెట్టుకున్నాడు. మర్చిపోయినా సార్ అన్నాడు.

వారం రోజులుగా అందరినీ తిడుతున్నాను.

10-7-2001, మంగళవారం

పొద్దున్నే ఊరికి వెళ్లి నాయనకు అంతా చెప్పాను. నేను నిజం చెబితే పెద్దాయన బీట్లోకి మన గొర్రెల్ని రానివ్వడు అన్నాను. నాయన కర్ర తీసుకుని లేచాడు. మైదుకూరు పక్క మీ చిన్నాయన ఉండాడు, ఆడికి తోలుకపోతా, గొర్రెలకు కాళ్లుండాయి, నీ పని నువ్వు చూసుకో అన్నాడు.

బస్సులో కూర్చున్నాక ఏడ్చాను. పక్కనామె కడుపు నొప్పా నాయనా అని అడిగింది.

11-7-2001, బుధవారం

డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చిన కాగితం. నకలు.

పట్టీ విప్పింది నేను. విప్పించింది చెన్నకేశవ. కరీముల్లా తప్పు లేదు. మీ కాగితం మీద సంతకం పెట్టలేదు, దీని మీద పెట్టాను. రిజిస్టరులో ముప్పయ్యో తేదీ పేజీలో ఇదే రాయండి. నన్ను ఏం చేస్తారో మీ ఇష్టం. కరీముల్లాను తిరిగి పనిలోకి తీసుకోండి. జవాబు నాకు చెప్పొద్దు, మీరే ఆయన ఇంటికి వెళ్లి చెప్పండి. రేపు ఉదయం ఎనిమిది లోపల, మొదటి పేషెంటు నోరు తెరవక ముందు.