బాబూ మియా అభిప్రాయం అమూల్యం

అమీర్‌పేట,
3వ తేదీ

పంజాగుట్టలోని కొత్త టెర్మినల్ ప్రజాభిప్రాయ కేంద్రం వారికి,

అమీర్‌పేట జువేరియా టైలర్స్ యజమాని బాబూ మియా సలాం చేసి రాయునది.

పోయిన శుక్రవారం మా బావమరిది అజీమ్‌ను తీసుకురావడానికి విమానాశ్రయంలోని మీ కొత్త టెర్మినల్‌కు వచ్చాను. తిరిగి పోతుంటే ఒక అమ్మాయి నవ్వుతూ నా చేతిలో కార్డు పెట్టింది. 'మీ అభిప్రాయం మాకు అమూల్యం' అని ఉంది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. షేర్వానీ చక్కగా కుదిరినప్పుడు 'ఎలా ఉంది' అని ఏ గిరాకీనీ అడగలేదు. చంక దగ్గర తేడా వచ్చినప్పుడే అడిగాను. కాబట్టి తేడా ఎక్కడ వచ్చిందో ముందు మీరు చెప్పండి. నా అభిప్రాయం తర్వాత చెబుతాను.

ఊళ్లో అందరూ మెచ్చుకుంటున్నారు, నిజమే. మా సందులో ఇడ్లీ బండి పోచయ్య ఫోన్‌లో వీడియో చూసి "మస్తున్నది భాయ్, నేల మీద మన మొహం కనవడుతది" అన్నాడు. నేల మీద మన మొహం మనకెందుకు? ఎవరు చూడటానికి?

నా అసలు బాధ వేరు. నా భార్య తాజున్నీసా ఈ నెల 26న మస్కట్ వెళ్తోంది. మా అమ్మాయి జువేరియాకు అక్కడ తొలి కాన్పు. తాజున్నీసా విమానం ఎక్కడం ఇదే మొదలు, అదీ ఒంటరిగా. ఉర్దూ తప్ప చదవలేదు. వెంట వెళ్దామంటే నాకు పాస్‌పోర్ట్ లేదు. ఆ ఆఫీసులో పది వేళ్ల గుర్తులు ఇమ్మన్నారు. ఎందుకని అడిగాను. "రూల్" అన్నారు. లేచి వచ్చేశాను.

మీ అద్దాల తలుపులోంచి జనం లోపలికి పోవడం కళ్లారా చూశాను. వాళ్లు విమానం దాకా చేరడం చూసినవాళ్లు ఎవరైనా ఉంటే పేరు, చిరునామా పంపండి.

కళ్లద్దాలు తుడుచుకుని జవాబు కోసం కూర్చున్న,
బాబూ మియా

తా.క.: మీ ఆఫీసు మాకు ఒక్క మెట్రో స్టేషన్ దూరం. అయినా రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. చేతికిస్తే అందలేదంటారు.

తా.క. 2: మరుగుదొడ్ల బయట నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ ఉన్న మిషన్ పెట్టారు. ఏడ్చే బొమ్మ నొక్కాను. లోపలికి మాత్రం పోలేదు.


పంజాగుట్ట,
6వ తేదీ

బాబూ మియా గారికి నమస్కారాలు.

మీ అభిప్రాయానికి మా కేంద్రం హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుతోంది. టెర్మినల్‌లో ఎక్కడా ఏ తేడా రాలేదని సవినయంగా మనవి. ఇంతవరకు అందిన నాలుగు వేల కార్డుల్లో 'సూపర్', 'మస్తు', 'టీ ధర ఎక్కువ' అన్న మూడు అభిప్రాయాలే ఉన్నాయి. చేతిరాతలో రెండు పేజీలు రాసినవారు మీరొక్కరే.

మీ శ్రీమతి గారి ప్రయాణం గురించి నిశ్చింతగా ఉండండి. లోపలికి వెళ్లినవారందరూ విమానాలే ఎక్కుతున్నారు. మీ అవగాహన కోసం మా రంగుల పుస్తకం ఒకటి జతచేస్తున్నాను. అన్ని వివరాలూ బొమ్మలతో సహా ఉన్నాయి.

మీ సేవలో,
రాగసుధ
ప్రజాభిప్రాయ అధికారి

తా.క.: లోపలికి పోనప్పుడు ఏడ్చే బొమ్మ నొక్కవద్దని కోరుతున్నాను. ఆ ఒక్క నొక్కుడుకు ముగ్గురికి సంజాయిషీ నోటీసులు వెళ్లాయి.


అమీర్‌పేట,
10వ తేదీ

రాగసుధ మేడమ్ గారికి,

బొమ్మల పుస్తకం అందింది. అందాక నా అనుమానం రెండింతలైంది.

మొత్తం పద్దెనిమిది ఫోటోలు. పదకొండింటిలో ఒక్క మనిషి లేడు. అంత పెద్ద హాలు, అన్ని దీపాలు, మనుషులేరీ? మిగిలిన ఏడింటిలో మూడు చోట్ల ఒకే నీలం చొక్కా మనిషి ఉన్నాడు. 4వ పేజీలో కాఫీ తాగుతున్నాడు, 9వ పేజీలో పెట్టె లాగుతున్నాడు, 15వ పేజీలో ఊరికే నవ్వుతున్నాడు. ఆ 15వ పేజీలో అతనికి నీడ లేదు. పక్కనున్న పూలకుండీకి ఉంది. నీడ లేనివాళ్లను మా నానమ్మ ఏమనేదో ఆడపిల్లలకు రాయకూడదు.

పుస్తకంలో బయటి వరండాలో అరవై నాలుగు కుర్చీలు ఉన్నాయి. నిన్న బస్సులో అంత దూరం వెళ్లి లెక్కపెట్టాను. అరవై ఒకటే ఉన్నాయి. మూడు కుర్చీలు ఎక్కడ? వాటిలో కూర్చున్నవాళ్లు ఎక్కడ?

తాజున్నీసా నా మాట వినదు. "మీ షక్కులు, అనుమానాలన్నీ సూట్‌కేస్ల వెడితే ముప్పై కిలోలు దాటుతయి, ఇగ నా చీరలు ఏడ వెట్టాలె?" అంటుంది. నలభై ఏళ్లలో ఆమె ఒంటరిగా దాటిన పెద్ద రోడ్డు పంజాగుట్ట చౌరస్తా ఒక్కటే. అప్పుడు కూడా నేను ఇవతల నిలబడి చూశాను.

ఇంకా లెక్కలోనే ఉన్న,
బాబూ మియా

తా.క.: మీ కవరు ఒకసారి తెరిచి మళ్లీ అతికించినట్టుంది. ఎవరు చదివారు?


పంజాగుట్ట,
13వ తేదీ

గౌరవనీయులు, పెద్దలు శ్రీ బాబూ మియా గారి దివ్య సముఖమునకు,

అయ్యా, ఆ మూడు కుర్చీలు మరమ్మతుకు వెళ్లాయి. మీ ఉత్తరం అందిన రోజు సాయంత్రానికే తెప్పించి వేయించాను. 15వ పేజీలో నీలం చొక్కాయనకు నీడ వేయించమని ఫోటోలవారికి గట్టిగా చెప్పాను. ఆయన ఫోటోల కంపెనీ గుమస్తాయే, ఆ రోజు జనం దొరక్క ఆయన్నే అటూ ఇటూ నిలబెట్టారు. కవరు నేనే తెరిచాను, సంతకం పెట్టడం మరిచిపోయానేమోనని.

అయ్యా, ఇంకో మాట. ఈ నెలలో మా పై ఆఫీసు నుంచి ఒక తనిఖీ అధికారి మామూలు మనిషి వేషంలో వస్తారని మాకు సమాచారం ఉంది. కుర్చీలు లెక్కపెట్టే మామూలు మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ సంగతి మీకెందుకు రాస్తున్నానో మీకే తెలుసు.

మీ విధేయురాలు,
రాగసుధ

తా.క.: మీరు నిజంగా దర్జీయేనా? ఊరికే, తెలుసుకుందామని.


అమీర్‌పేట,
17వ తేదీ

రాగసుధ మేడమ్ గారికి,

మీ ఉత్తరం చదివి భయపడ్డాను. వేషం మార్చుకుని తిరిగే మనుషులు ఉన్న చోటికా నా భార్యను పంపేది?

అదీకాక మా దుకాణం దగ్గర కూడా ఏదో జరుగుతోంది. నిన్న ఓదెలు అనే మనిషి పాంటు కుట్టించుకోవాలని వచ్చాడు. బట్ట తేలేదు. "బట్టేది?" అంటే "రేపు తెస్త" అన్నాడు. నా కుట్టు మిషన్‌ను ఫోటో తీశాడు. నా వేళ్లకు సూది గుచ్చుకున్న మచ్చలున్నాయా అని చూశాడు. బట్ట లేకుండా పాంటు కుట్టించుకునే మనిషి నా సర్వీసులో తగలలేదు.

సరే, 26న ఏర్పాట్లు వినండి. తాజున్నీసాను సాగనంపడానికి మావాళ్లు ఇరవై ముగ్గురం వస్తాం. అన్నం డబ్బాలు, తీపికి డబుల్ కా మీఠా మాతోనే ఉంటాయి. బయలుదేరే ముందు ఆమె కుడి చేతికి ఇమామ్ జామిన్ కడతాం. అంటే గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి జబ్బకు కట్టడం. క్షేమంగా చేరాక ఆ బిళ్లను బీదవాళ్లకు ఇవ్వాలి. చేరేదాకా చేతికే ఉండాలి. మీ గేటు దగ్గర మిషన్ కూత పెడుతుంది, నాకు తెలుసు. విప్పి పక్కన పడేస్తే మాత్రం ప్రయాణం లేదు. ఆమెను అక్కడి నుంచే వెనక్కి తీసుకొస్తాను. అక్కడ జువేరియా తల్లి కోసం ఎదురుచూస్తోంది, అయినా తీసుకొస్తాను.

మనసు బాగాలేని,
బాబూ మియా

తా.క.: ఓదెలు మళ్లీ వచ్చాడు. ఈసారి బట్ట తెచ్చాడు. కర్టెన్ బట్ట.


పంజాగుట్ట,
20వ తేదీ

మహారాజశ్రీ బాబూ మియా గారికి వేయి నమస్కారాలతో,

అయ్యా, క్షమించండి. ఓదెలు మా ఆఫీసు అటెండరు. నేనే పంపాను. ఆయన తిరిగి వచ్చి చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "మేడం, టేపు ఆయన మెడలనే ఉన్నది, ముట్టలే. నన్ను ఒక్కసారి పైకెల్లి కిందికి చూసి నడుము ముప్పై ఎనిమిది అన్నడు. ఇంటికివోయి కొలుసుకున్న. ముప్పై ఎనిమిదే! గంత నజర్ దర్జీకి ఉండది మేడం, ఆఫీసర్‌కే ఉంటది."

ఇక దాపరికం ఎందుకు? మీరెవరో మాకు తెలిసిపోయింది. 26న ద్వారం దగ్గర నేనే స్వయంగా నిలబడతాను. మీ బృందానికి సందర్శకుల పాసులు సిద్ధంగా ఉంచుతాను. మీ శ్రీమతి గారిని, ఆవిడ నిజంగా మీ శ్రీమతి గారే అయినా కాకపోయినా, విమానం తలుపు దాకా చేయి పట్టుకుని తీసుకెళతాను. ఇమామ్ జామిన్ నా చేతులతో విప్పి, ట్రేలో పెట్టి, మిషన్ దాటగానే నా చేతులతోనే కడతాను. దాని మీద నా చూపు తప్పదు.

నా ఉద్యోగం వచ్చే నెలలో పర్మనెంట్ కావాలి. అంతా మీ నివేదికలోనే ఉంది.

మీ దయ కోరే,
రాగసుధ

తా.క.: ఓదెలు తెచ్చిన కర్టెన్ బట్టతో పాంటు కుట్టవద్దు. అది మా మీటింగ్ హాలుది.


అమీర్‌పేట,
మరుసటి నెల 4వ తేదీ

బేటీ రాగసుధకు,

నీకు మేడమ్ అని రాయకపోవడం ఇదే మొదటిసారి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ముందు శుభవార్త. మొన్న రాత్రి జువేరియాకు ఆడపిల్ల పుట్టింది. ఉమైరా అని పేరు పెట్టారు. తల్లీ బిడ్డా క్షేమం. తాజున్నీసా ఫోన్ చేసి నువ్వు చేసినవన్నీ చెప్పింది. మిషన్ కూత పెట్టగానే నువ్వు "ఆగండాగండి" అని అరిచావట. ఇమామ్ జామిన్ ట్రేలో వెళ్తుంటే దాని వెంటే పరుగెత్తావట. మళ్లీ కట్టేటప్పుడు ఆడపిల్ల జడకు రిబ్బను కట్టినట్టు పువ్వు ముడి వేశావట. అలా ఎవరూ కట్టరు. అయినా ఆమె ఆ ముడి ముట్టుకోకుండా మస్కట్ దాకా వెళ్లింది. బిళ్ల బీదవాళ్లకు ఇచ్చి, గుడ్డ మాత్రం దాచుకుంది. విమానం తలుపు దగ్గర ఆమె అడుగు వేయలేక ఆగిపోతే నువ్వు చేయి వదలలేదని చెప్పింది. అది విని దుకాణం షట్టరు సగం దించుకుని ఏడ్చాను.

ఇప్పుడు నా తప్పు. నేను తనిఖీ అధికారిని కాను. దర్జీని. నీ 20వ తేదీ ఉత్తరంతో నీ పొరపాటు నాకు అర్థమైంది. వెంటనే 'నేను ఉత్త టైలర్‌ను, పొరపడకు' అని జవాబు రాశాను. కవరులో పెట్టి స్టాంపు కూడా అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్లి తిరిగొచ్చాను. అది కుట్టు మిషన్ సొరుగులో పెట్టి 26 దాకా తాళం వేశాను. జీవితమంతా అందరినీ అనుమానించిన నేను, ఎవరో నన్ను అనుమానిస్తే నోరు మూసుకున్నాను. తాజున్నీసా చేయి పట్టుకునే మనిషి నాకు కావాలి. వేరే దారి తోచలేదు. ఆ ఉత్తరం ఇందులో పెడుతున్నాను. నన్ను తిట్టుకో.

కానీ నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఎందుకంటే అసలు తనిఖీ అధికారి ఎవరో నాకు తెలిసింది.

26న మేము ఇరవై ముగ్గురం కదా? తాజున్నీసాది కాక డబుల్ కా మీఠా ఇరవై మూడు గిన్నెల్లో వేస్తే ఒకరికి తక్కువైంది. ఆకుపచ్చ చీర కట్టిన ఒకావిడ మాతోనే నడిచింది, మాతోనే తిన్నది, తాజున్నీసా లోపలికి వెళ్తుంటే మాతోపాటే కళ్లు తుడుచుకుంది. నేను అజీమ్ తరఫు చుట్టం అనుకున్నాను. అజీమ్ నా గిరాకీ అనుకున్నాడు. మా సాగనంపుళ్లలో ఎవరూ ఎవరినీ అడగరు, ఏడ్చినవాళ్లంతా మావాళ్లే. నువ్వు కూడా 'మీవాళ్లే కదా' అని ఆవిడకు ఇరవై నాలుగో పాసు ఇచ్చావు.

ఆమె పేరు భావన. నిన్న జాకెట్ కుట్టించుకోవడానికి మా దుకాణానికి వచ్చింది. బట్ట తెచ్చుకుంది. "ఆ రోజు పెద్దావిడను తీసుకెళ్లిన అమ్మాయి మీ చుట్టమా?" అని అడిగింది. కాదన్నాను. "ఏ చుట్టరికం లేకుండా అంత ప్రేమగా చూసిందా!" అని సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది. తాను పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చానని అప్పుడు చెప్పింది. నువ్వు నన్ను ఎవరనుకుని చేశావో నేను చెప్పలేదు. అబద్ధం కూడా చెప్పలేదు. ఎందుకంటే పని కోసం పట్టుకున్న చేయి అయితే తలుపు దగ్గరే వదిలేస్తారు. ఆమె తన సీటులో కూర్చునేదాకా నువ్వు నిలబడ్డావు.

ఇక నీ కార్డుకు నా జవాబు: టెర్మినల్ బాగుంది. తేడా ఎక్కడా రాలేదు.

నీకు అబ్బాజాన్ వయసువాడు,
బాబూ మియా

తా.క.: ఓదెలుకు పాంటు సిద్ధం. ముప్పై ఎనిమిదే. బట్ట నాది.

తా.క. 2: నిన్న పాస్‌పోర్ట్ ఆఫీసుకు వెళ్లి పది వేళ్ల గుర్తులూ ఇచ్చాను. ఎందుకని అడగలేదు. ఉమైరాను చూడాలి. ఒక్కటే ఫికర్: నేను తనిఖీ అధికారిని కానని నీకు తెలిసిపోయింది కదా, ఇప్పుడు నన్ను విమానం తలుపు దాకా చేయి పట్టుకుని ఎవరు తీసుకెళ్తారు? రాతపూర్వకంగా తెలపగలవు.