వూల్స్‌లీ వెనక సీట్లో

పర్షోర్ పక్కన, ప్లమ్ తోట ఇల్లు
1993 అక్టోబరు 24, ఆదివారం

చెల్లెలు ఏవిస్‌కు,

అక్క ఈనిడ్ దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావ హోరేస్ ఇద్దరం క్షేమం. అక్కడ టాస్మానియా హోబార్ట్‌లో నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. "ఇద్దరం క్షేమం" అని ముప్ఫై ఏళ్లుగా నీకు రాస్తూనే ఉన్నాను. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి ఆ మాట రాశాక, కొట్టెయ్యాలా ఉంచాలా అని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చివరికి ఉంచేశాను. ఉత్తరమంతా చదివాక నువ్వే తేల్చుకో.

ముందు నువ్వు అడిగినవి. నా మోకాలు చలి మొదలయ్యేసరికి మళ్లీ మూలుగుతోంది. ప్లమ్స్ ఈ ఏడు విరగకాశాయి. జామ్ పెట్టి పెట్టి వేళ్లకు పట్టిన ఊదారంగు ఇంకా వదల్లేదు. నీ ఉన్ని శాలువా అందింది, కప్పుకునే రాస్తున్నాను. నువ్వు పంపిన విమానం టికెట్టు కూడా జాగ్రత్తగా చేరింది. దాని సంగతి కాసేపు ఆగి చెబుతాను. "ఆ మనిషి ఆ తుక్కంతా వదిలించుకున్నాడా లేదా?" అని అడిగావు. ఈ ఉత్తరం దాని గురించే.

నువ్వు చివరిసారి వచ్చి పదకొండేళ్లయింది. అప్పటికి తోటలో ఆరు కార్లు. కావెంట్రీలో కార్ఖానా మూసేశాక మీ బావకు చేతులు ఊరుకోక తెచ్చుకున్నవి. ఇరవై నాలుగేళ్లు కార్లకు తలుపులు బిగించిన మనిషి కదా, ఏ పాత కారు రోడ్డు పక్కన వదిలేసి కనిపించినా కన్నబిడ్డను చూసినట్టు చూసేవాడు. బాగుచేసి మళ్లీ రోడ్డెక్కిస్తానని ఒక్కొక్కటే లాక్కొచ్చాడు. ఇప్పుడు ఇరవై మూడు. ఆస్టిన్లు, హిల్‌మన్లు, ఒక రోవర్, పెద్ద హంబర్. ఒక్కటీ రోడ్డెక్కలేదు. చక్రాలు మట్టిలో దిగబడి, బానెట్ల మీద నాచు పెరిగి, హెడ్‌లైట్లలో నీళ్లు నిలిచి, వాటి మధ్య నుంచే ప్లమ్ చెట్లు కాస్తున్నాయి. గిన్నెలు కడుగుతూ తలెత్తితే కిటికీ నిండా హంబర్ ముఖమే. అవతలి పొలం ప్రాసర్ కంచె దగ్గర నిలబడి, "ఏం ఈనిడ్, ఈ ఏడు కార్ల కాపు ఎలా ఉంది? పండాయా?" అంటాడు. నవ్వుతాను. నవ్వి లోపలికొచ్చి తలుపు వేసుకుంటాను.

నాకు కారు నడపడం రాదు. ఊళ్లోకి బస్సు మంగళవారం, శుక్రవారం. మిగతా రోజులు నేను, హోరేస్, ఇరవై మూడు కార్లు. పొద్దున టీ తాగి పనిముట్ల పెట్టె పట్టుకుని వెళతాడు, సాయంత్రం వస్తాడు. ఏం చేశావని అడిగితే "జరుగుతోంది" అంటాడు. ఇల్లు అమ్మి ఊళ్లో చిన్న ఫ్లాటు తీసుకుందామని ఎన్నిసార్లు అడిగానో. "ముందు వీటి పని కానీ" అనేవాడు. వీటి పని కాదని ఇద్దరికీ తెలుసు. గొడవ పడి పడి ఆ మాట ఎత్తడం మానేశాను. ఒకే ఇంట్లో రెండు రైలు పెట్టెల్లో ప్రయాణం చేస్తున్నట్టు ఉండేవాళ్లం.

ఆ ఇరవై మూడు కార్లలో నాన్న వూల్స్‌లీ కూడా ఉంది. నాన్న పోయాక మీ బావకే ఇచ్చాం, గుర్తుందా? ఆ కారు కొన్నప్పుడు నీకు ఆరేళ్లు. దీపాలు వేస్తే కారు ముందున్న పేరు బిళ్ల కూడా వెలిగేది, వీధి చివర నుంచి నాన్న వస్తుంటే ఆ వెలుగు చూసి బొమ్మలు దాచి పుస్తకాలు తీసేవాళ్లం. ఆదివారం పూట నాన్న దాన్ని తుడుస్తుంటే మనం ముట్టుకోకూడదు. అబెరిస్టువిత్ సముద్రానికి వెళ్లినప్పుడు కొండ మలుపుల్లో నువ్వు వాంతి చేసుకుంటావని అమ్మ నీ ఒళ్లో బిస్కెట్ల డబ్బా పెట్టేది. తోలు సీటు, నాన్న పొగాకు, అమ్మ ఫ్లాస్కులో టీ, అన్నీ కలిసిన ఆ వాసన! చెబితే నమ్మవు, తలుపు తెరిస్తే ఇప్పటికీ ఉంది. ముందు సీటు కింద రేకు చిల్లిపడి గడ్డి మొలిచింది. వెనక సీటు మాత్రం అలాగే ఉంది.

ఈ నెల పన్నెండు, మంగళవారం. మీ బావ గురువారం గురువారం, మాకు తిరిగే ఒక్క చిన్న వ్యానులో, ఊళ్లోకి సామాను కోసమని వెళతాడు గానీ, మంగళవారం ఇంట్లోనే ఉంటాడు. మధ్యాహ్నం రెండింటికి నాకు వూల్స్‌లీలో చిన్న పని ఉండి వెళ్లాను. వెనక సీట్లో కూర్చుని తలుపు లాక్కున్నాను. ఎన్నోసార్లు చేసిన పనే. ఈసారి లోపల ఏదో విరిగిన చప్పుడైంది. పని ముగించుకుని హ్యాండిల్ తిప్పితే వదులుగా గిరగిరా తిరిగింది గానీ తలుపు కదల్లేదు.

అవతలి తలుపు ప్లమ్ చెట్టు మానుకు ఆనుకుని ఉంది. ముందు తలుపులు ఎప్పుడో తుప్పుతో ఒకటైపోయాయి. అద్దాలు దింపే పిడి తిప్పితే చేతిలోకి ఊడివచ్చింది. కాళ్లతో తన్నాను. మోకాలికి నొప్పి తప్ప ఏమీ కాలేదు. సీటు కింద పెద్ద పానా ఒకటి ఉంది ఏవిస్. దాంతో ఒక్క దెబ్బ వేస్తే అద్దం పగిలేది. ఎత్తాను కూడా. నాన్న కారు అద్దం! అరవై ఒక్కేళ్లు వచ్చాయి, నాన్న పోయి ఇరవై రెండేళ్లయింది, అయినా చెయ్యి రాలేదు. పానా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగింటికి హోరేస్ వచ్చాడు. పక్కనే, రెండు బారల దూరంలో ఉన్న హిల్‌మన్‌లో కూర్చున్నాడు. దానికి అద్దాలు లేవు. నేనున్న కారు అద్దాలకు నాచు పట్టి ఉంది గనక, సందుల్లోంచి నాకు ఆయన కనిపిస్తాడు గానీ ఆయనకు నేను కనబడను. పిలవబోయాను. అంతలో మాట్లాడటం మొదలుపెట్టాడు, పక్కన ఎవరో ఉన్నట్టు.

"ఈనిడ్, నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు.

నన్ను చూశాడేమో అనుకున్నాను. చూడలేదు. ఖాళీ సీటుతో చెబుతున్నాడు. ఆగి, గొంతు సవరించుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నాకు ఎలా చెప్పాలో అభ్యాసం చేస్తున్నాడు, ఏవిస్. గురువారాలు వెళ్లింది సామాను కోసం కాదట, ఆసుపత్రికట. జూలైలోనే డాక్టరమ్మ చెప్పిందట, మతిమరుపు జబ్బని, తగ్గేది కాదని, పెరిగేదని. రెండేళ్లుగా ఏ కారు పనీ చేతకావడం లేదట. కార్బురేటర్ విప్పితే ఏ ముక్క దేనికి పడుతుందో తెలియదట. విప్పినవన్నీ పెట్టెలో పోసి, సాయంత్రం దాకా ఇలా కూర్చుని ఇంటికి వస్తున్నాడట. నాకు గుర్తొచ్చింది, ఈమధ్య భోజనానికి వచ్చినప్పుడు ఆ చేతులు శుభ్రంగా ఉంటున్నాయి. గ్రీజు లేదు. సబ్బు బాగా వాడుతున్నాడనుకున్నాను.

మూడుసార్లు చెప్పి చూసుకున్నాడు. ఒకసారి మెల్లగా, ఒకసారి నవ్వుతూ తేలిగ్గా. మూడోసారి మధ్యలో, తర్వాత ఏం చెప్పాలో మర్చిపోయాడు. కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని లేచి వెళ్లిపోయాడు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. అయినా రాస్తాను, ఇంకెవరికి చెప్పను?

పోయిన ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. "హోరేస్‌కు చెప్పాను, మూడు నెలలు ఉండి రమ్మన్నాడు" అని రాశాను కదా. చెప్పలేదు. మూడు నెలలు ఉండి తిరిగి వద్దామని అనుకోనూ లేదు. నా గోధుమరంగు సూట్‌కేసు అప్పటికి మూడు వారాలుగా ఆ వూల్స్‌లీ వెనక సీట్లో కంబళి కింద ఉంది. రోజుకో బట్ట, ఒకరోజు చెప్పులు, ఒకరోజు అమ్మ ఫొటో, అలా చేరవేస్తూ వచ్చాను. ఆ రోజు వెళ్లిన చిన్న పని అదే, లోపలి బట్టలు సర్దడం. నవంబరు తొమ్మిది, మంగళవారం బల్ల మీద చీటీ పెట్టి, బస్సెక్కి, నీ దగ్గరికి వచ్చేసి ఇక తిరిగి రాకూడదనుకున్నాను.

ఆయన మాటలు విన్నాక జాలి కలిగిందని రాయాలని ఉంది. ముందు కలిగింది కోపం. ఇంకో నాలుగు వారాలు ఆగలేకపోయావా అని. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. నేను విన్నానని ఆయనకు తెలియదు కదా! వినలేదనుకుంటే సరిపోతుంది.

ఆరు కావస్తుండగా, టీ బల్ల మీద లేకపోయేసరికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వూల్స్‌లీ పక్కనే నిలబడి రెండుసార్లు పిలిచాడు. నేను ముందు సీటు వెనక వంగి దాక్కున్నాను. అవును, ఊపిరి బిగబట్టి దాక్కున్నాను. పలికితే విన్నట్టు ఒప్పుకోవాలి. ఆయన వెళ్లిపోతే అప్పుడు పానాతో అద్దం పగలగొట్టుకుని, ఏమీ జరగనట్టు ఇంట్లోకి పోవచ్చు. అప్పుడు మాత్రం నాన్న కారని అనిపించలేదు.

పిలుపు దూరం పోయింది. మళ్లీ దగ్గరికి వచ్చింది. మళ్లీ దూరం. తల కొంచెం ఎత్తి చూశాను. మసక వెలుతురులో హంబర్ చుట్టూ తిరుగుతున్నాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఇంటి దీపం ఎదురుగా కనిపిస్తోంది, అయినా ఎటు వెళ్లాలో తెలియడం లేదు. పదమూడేళ్లుగా తనే పేర్చుకున్న కార్ల మధ్య దారి తప్పాడు. నా పేరు పిలిచే గొంతు మారిపోయింది. అది నన్ను వెతికే పిలుపు కాదు, ఏవిస్. తనని వెతకమనే పిలుపు.

"ఇక్కడున్నాను హోరేస్. వూల్స్‌లీలో. నా గొంతు పట్టుకుని రా," అన్నాను.

పలుకుతూనే ఉన్నాను, ఆయన వచ్చేదాకా. వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. లక్ష తలుపులు బిగించిన మనిషికి ఒక్క తలుపు తియ్యడం గుర్తు రాలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లు భోజనాల దగ్గర ఆ తలుపుల కబుర్లు విని విని నాకే వచ్చేసింది. "కింద మోకాలు ఆనించు. తలుపు కీళ్ల వైపు నుంచి పైకెత్తు. ఎత్తి, అప్పుడు లాగు," అన్నాను లోపలి నుంచి. నేను భుజంతో నెట్టాను, ఆయన ఎత్తి లాగాడు. వచ్చేసింది.

బయటికి రావడానికి చెయ్యి అందించాడు. అప్పుడు కంబళి కింద నుంచి సూట్‌కేసు కనిపించింది. దాన్ని తనే తీసుకుని నా పక్కన నడిచాడు. నేను దారి చూపించాను.

వంటగదిలో దాన్ని బల్ల మీద పెట్టి, "ఎక్కడికి?" అన్నాడు.

"ఏవిస్ దగ్గరికి."

"తిరిగి ఎప్పుడు?"

కెటిల్ పొయ్యి మీద పెట్టాను. "హిల్‌మన్‌లో నువ్వు అన్నదంతా విన్నాను," అన్నాను. తల ఊపాడు. మళ్లీ చెప్పే పని తప్పినందుకు తేలికపడ్డాడనిపించింది. తర్వాత అన్నాడు:

"వెళ్లు ఈనిడ్. నువ్వు వెళ్లావని నాకు తెలిసే రోజుల్లోనే వెళ్లు. తర్వాతైతే నిన్ను తిట్టుకోవడానికి కూడా నాకు గుర్తుండదు."

పన్నెండు రోజులు ఆ మాటతోనే తిరిగాను. ఉండమని బతిమాలి ఉంటే వెళ్లిపోయేదాన్ని, ఒట్టు. అరిచినా, సూట్‌కేసు విసిరికొట్టినా వెళ్లిపోయేదాన్ని. వెళ్లమన్నాడు, దాంతో కాళ్లు కట్టేసినట్టయింది. దీన్ని గొప్ప ప్రేమ అనుకోకు. పొద్దున్నే లేచి ఆయన వైపు చూస్తే భయమేస్తుంది. ఇంకా ఎన్నేళ్లో, ఎలాంటి ఏళ్లో తెలియదు. అయినా సూట్‌కేసులోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టాను. నేను రావడం లేదు, చెల్లీ. టికెట్టు ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను.

ఉండటానికి మాత్రం ఒక షరతు పెట్టాను. వంటింటి కిటికీ ముందున్నవి పోవాలన్నాను. హంబర్ ఒక్కటి ఉంచమని బేరమాడాడు. ఒప్పుకోలేదు. నిన్న లారీ వచ్చి తొమ్మిదింటిని తీసుకుపోయింది. ప్రాసర్ ట్రాక్టరుతో లాగిపెట్టాడు, ఒక్క హాస్యం కూడా ఆడలేదు. మీ బావ టోపీ చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి, ఒక్కో కారు వెళుతుంటే దాని పేరూ ఏడూ చెప్పాడు. రెండు తప్పు చెప్పాడు. నేను దిద్దలేదు. నాన్న కారు ఇంకా ఉంది. దాని జోలికి ఇద్దరం పోలేదు.

పోయిన మంగళవారం నుంచి ప్రాసర్ కూతురు నాకు కారు నడపడం నేర్పుతోంది. గేరు మార్చేటప్పుడు కళ్లు మూసుకుంటున్నానట. ఆసుపత్రికి ఆయన్ని ఇక నేనే తీసుకెళ్లాలి కదా, మూసుకుని అయినా మారుస్తాను.

నీకూ మీ బావకూ ఎన్నడూ పడదు. "ఆ మనిషి" అంటావు నువ్వు, "ఆ టాస్మానియా గయ్యాళి" అంటాడు ఆయన. నిన్న లారీ వెళ్లాక కూడా, "మీ చెల్లెలు సంతోషిస్తుందిలే" అని సణిగాడు. అందుకే అడుగుతున్నాను ఏవిస్, నా బదులు నువ్వే రా. ఇక్కడి ఎండాకాలం దాకా ఆగకు. ఆయన నిన్ను గుర్తుపట్టి, నీతో పోట్లాడగలిగినప్పుడే రా. వంటగదిలో మీరిద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటుంటే వినాలని ఉంది.

ఇట్లు,
బట్టలు బీరువాలోకి సర్దుకున్న నీ అక్క,
ఈనిడ్