వసపిట్ట పందెం

జూన్ 14

ప్రియమైన వసపిట్టకి,

బట్టలు రెండు బకెట్లు ఉతకడం, ఇస్త్రీ ఏడు జతలు, దిండు గలీబులు రెండు కుట్టడం అయ్యాయి. మిగిలిన పని నీకు ఉత్తరం రాయడమే.

మీ బడిలో టీచర్ల మాటలు లెక్కపెట్టే పెట్టె పెట్టారట. మరిదిగారు ఫోనులో చెప్పి ఒకటే నవ్వు. పాపం ఆ పెట్టె, నీ ధాటికి వారం తిరక్కుండా కాలిపోతుంది. చిన్నప్పుడు ఒక్క పూట నోరు మూసుకుంటే నా ఇంకు పెన్ను ఇస్తానన్నాను, గుర్తుందా? పెన్ను ఇంకా బీరువాలోనే ఉంది. పందెం కూడా అలాగే ఉంది.

నీ అక్క

జూలై 2

అక్కకి,

పెట్టె నిజమే. గడియారం పక్కన బిగించారు. పీరియడులో నేను పది నిమిషాలు దాటి మాట్లాడితే ఎర్ర దీపం వెలుగుతుంది. పిల్లలు నలుగురేసి కూర్చుని, కార్డులు చూసి తమంతట తామే నేర్చుకోవాలి. పద్ధతి చెడ్డదని అనను, చురుకైనవాళ్లు బాగానే అందుకుంటున్నారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన, "ఇక మీరు చెప్పేవారు కాదమ్మా, పక్కన ఉండేవారు" అన్నాడు. "ఊరికే పక్కన ఉండటానికి జీతమెందుకండీ?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నా పేరు రాసుకున్నాడు.

నీ వసపిట్ట

అక్టోబరు 9

ప్రియమైన వసపిట్టకి,

బడిలోకెల్లా తక్కువ మాట్లాడిన టీచరుగా నీకు బహుమతా? మరిదిగారు ఫొటో పంపితే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. ఎవరికి లంచం ఇచ్చావే?

నీ అక్క

అక్టోబరు 20

అక్కకి,

చివరి బల్ల దగ్గర ఒక పిల్ల ఉంది. ఏదైనా రెండోసారి చెబితే గానీ అందదు. అందితే మరి మరిచిపోదు. పోయిన నెల భిన్నాల కార్డు పట్టుకొచ్చి, "మీరు చెప్పండి టీచర్" అంది. అప్పటికే నా పది నిమిషాలు అయిపోయాయి. ఎర్ర దీపం వెలిగినందుకు అంతకుముందే రెండుసార్లు సంజాయిషీ ఇచ్చుకున్నాను, మూడోసారైతే ఉద్యోగం ఉండదు. కార్డు వైపు వేలు చూపించాను. మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ వేలే చూపించాను. ఆ తర్వాత రాలేదు. ఇప్పుడు కార్డు వెనక్కి తిప్పి బొమ్మలు గీసుకుంటోంది.

బహుమతి ఆ నెలకే ఇచ్చారు.

నీ చెల్లెలు

అక్టోబరు 28

చెల్లీ,

ఈవేళ చేసిన పనులు రాయను. నిన్న ఫోనులో అరగంటసేపు నేనే మాట్లాడాను. నువ్వు "ఊఁ" అన్నావు, అంతే. మధ్యలో ఆగి చూశాను, నువ్వు అందుకోలేదు.

రేపైనా ఆ పిల్లకి చెప్పు అని రాసి, కొట్టేశాను. నీ జీతం మీదే మీ ఇల్లు నడుస్తోంది, ఆ మాట అనడానికి నేనెవరిని?

పెన్ను దీనితోపాటు పంపుతున్నాను. ఇంకు పోసి చూశాను, రాస్తోంది. పందెం బాకీ తీరింది.

అక్క