సీసాలో ఏడు నేలపీతలు

తమ్ముడికి అక్క ఆశీస్సులు. మీ బావ మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, మరదలూ, చంటిదీ క్షేమమని తలుస్తాను.

జవాబు ఆలస్యమైందని అలిగావట. అలుగు, నీకు అలవాటేగా. చంటిదానికి పళ్ళొచ్చే జ్వరమే అయివుంటుంది, కంగారుపడకండి. బావ ఉద్యోగం మారలేదు, మారే సూచనలూ లేవు.

ఇక, "నా పీతలకు ఏం పేరు పెట్టారక్కా?" అని అడిగావు. రెండేళ్ళ క్రితం, మీ రోడ్డు పని మొదలవకముందు, ఆ వాగు గట్టున నువ్వు పట్టి, జాతి తేల్చమని మా ఆఫీసుకు పంపిన ఏడింటి సంగతి. ఊదారంగు డిప్ప, తెల్లని డెక్కలు చూసి, 'మామూలు నేలపీతలే, తీరమంతా ఉంటాయి' అని రాశాను. ఆ కాగితం చూశాకే రోడ్డుకు అనుమతి ఇచ్చారు. నువ్వు బుల్డోజర్ ఎక్కావు.

నేను తప్పు రాశాను తమ్ముడూ. నేలపీతను రంగు చూసి పోల్చకూడదు. మగదాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట మీది మూత ఎత్తి, కింద ఉండే జంట పుల్లల కొనలు భూతద్దంలో చూడాలి. జాతి తేలేది అక్కడే. ఆ నెల బల్ల నిండా సీసాలు. నీ సీసా మూత తీయనేలేదు. బయటినుంచే చూసి చీటీ అంటించేశాను. కొత్తవాళ్ళు అలా చేస్తే చెడామడా తిట్టేది నేనే.

పోయిన నెల నీ సీసాలో స్పిరిట్ ఇగిరిపోయిందని పోయబోయి, ఎందుకో ఒకదాన్ని తిప్పి చూశాను. పుల్లల కొనలు మామూలువాటిలా లేవు. మిగతా ఆరూ అంతే. ఏ పుస్తకంలోనూ లేని జాతి. నీకు చెప్పకుండా వచ్చి, మూడు రోజులు ఆ చుట్టుపక్కల వాగులన్నీ వెతికాను. దొరికినవన్నీ మామూలువే. మీ ఇంటికి రాలేదు, నీ మొహం చూసే ధైర్యం లేక.

మా ఆఫీసు పెద్దాయనకు చెప్పాను. "ఇప్పుడేం చేస్తామమ్మా, రోడ్డు తవ్వుతామా? పటంలో ఓ చుక్క పెట్టి, పక్కన 'ఇప్పుడు లేదు' అని రాసెయ్" అన్నారు. రాశాను. దానికి పేరు పెట్టే హక్కు నాదేనట. నీ పేరు పెట్టాలని కూర్చున్నాను, చెయ్యి రాలేదు.

నీ తప్పేమీ లేదు. నేను చెప్పినట్టే చేశావు. పోల్చడానికి మగవే కావాలి, ఆడవాటిని ముట్టుకోకు అన్నాను. "గుడ్లతో ఉన్నాయక్కా, పాపం, బొరియల్లోనే వదిలేశాను" అని రాశావు. ఆ బొరియల మీదే నీ చేత మట్టి తోయించాను.

ఇట్లు,
నీ అక్క