చేప లేని ఉప్పునీళ్ల తొట్టి

ఓడలో నర్సుగా ఊరేగుతున్న నా ఇల్లాలికి,

మీ ఆయన ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కణ్ణే అనుకో, అయినా అలా రాస్తే ఇల్లు కాస్త నిండుగా ఉన్నట్టుంటుంది. అక్కడ నువ్వూ, నీ రోగులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. వేళకి తింటున్నానా, చేపల తొట్టి ఎలాంటిది కొన్నాను, ఇంకో ఏడాదిన్నర ఓడలోనే పనిచేస్తానని నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా. మూడోదానికి ఫోన్లోనే "పెట్టెయ్" అన్నాను. అయినా మళ్లీ అడిగావు. సరే, వరసగా చెప్తాను.

తింటున్నాను. ఒక కంచం, ఒక గ్లాసు కడిగితే వంటింట్లో పని అయిపోతోంది. అదే బాగోలేదు.

ఇక తొట్టి. మంచినీళ్ల చేపలు వద్దనుకున్నాను. నువ్వు రోజూ చూసే నీళ్లలాంటివే ఇంట్లోనూ ఉండాలని నా పంతం. బల్ల మీద పట్టే బుల్లిది చాలనుకుని వెళ్తే, దుకాణం ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"కొత్తవాళ్లంతా చిన్నదే అడుగుతారండీ. చిన్నదాంట్లో నీళ్లు ఇట్టే పాడవుతాయి. పెద్దదైతే మీరు ఓ పొరపాటు చేసినా తట్టుకుంటుంది."

"పొరపాట్లు చేసే మొహంలా ఉందా నాది?"

"మొదటిసారి కదండీ," అంది, నొచ్చుకోకుండా.

అలా మూడడుగుల తొట్టి ఇంటికొచ్చింది. పంపూ, నీళ్లు వడగట్టే అరా వెనకాలే అమర్చి ఉన్నాయి. శుద్ధి చేసిన నీళ్లు, సముద్రపు ఉప్పు సంచి, చిల్లుల రాళ్లు వేరే కొన్నాను. ఉప్పు తూచి కలపడం నాకో లెక్కా? కట్టుడు పళ్ల సెట్లు చేసేవాణ్ణి, నా చేతిలో వెంట్రుకవాసి తేడా వస్తే ఊళ్లో సగంమంది నమలలేరు.

"ఇప్పుడు ఆరు వారాలు ఏ చేపా వెయ్యకండి," అందావిడ. "చేప మలినాన్ని తినే సూక్ష్మజీవులు ముందు ఆ రాళ్లల్లో పెరగాలి. అంతవరకూ ఖాళీ తొట్టి చూస్తూ కూర్చోవడమే. ఉండగలరా?"

"ఎదురుచూడ్డం నాకు కొట్టిన పిండేనమ్మా," అని కోతలు కోశాను.

ఇక అసలు సంగతి. నారింజరంగు మీద తెల్ల చారల చేప ఉంది, నా వేలు చూసి ఎదురొస్తుంది అని ఫోన్లో చెప్పానే, అది లేదు. చచ్చిపోయింది. పన్నెండో రోజునే తెచ్చి వేశాను, అదీ ఇంకో దుకాణంలో కొని, ఆవిడ దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లక. రెండు రోజులు నిజంగానే ఎదురొచ్చింది. ఆ రెండు రోజులూ పని అవగానే పరుగున ఇంటికొచ్చాను. మా పళ్ల డాక్టరు మీద దానికి చాడీలు కూడా చెప్పాను. మూడో రోజు ఓ పక్కకి ఒరిగి, మొప్పలు ఎగరేసి ఎగరేసి, మధ్యాహ్నానికి పోయింది. తొట్టి మంచిదే, ఉప్పు తూకం తప్పలేదు. ఇంకో నాలుగు వారాలు ఆగలేక నేనే చంపుకున్నాను.

నువ్వు ఫోన్ చేసేసరికి అది పోయి నాలుగు రోజులు. "చేపని వేశావా, ఎలా ఉంది?" అంటే "భేషుగ్గా ఉంది" అన్నాను. అదే ఊపులో "సంతకం పెట్టెయ్, నాకేం పర్లేదు" అని కూడా అనేశాను. రెండూ అబద్ధాలే.

ఆ ఉద్యోగం కోసం నువ్వు ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. ఓడలో ముసలాళ్లు నిన్ను ఎలా సతాయిస్తారో చెబుతూ పగలబడి నవ్వావు, ఆ నవ్వు విన్నాక వద్దనడానికి నోరు రాలేదు. మంచివాణ్ణనిపించుకోవాలని కూడా ఉంది. కానీ నువ్వు లేకుండా నాకు దిగులుగా ఉంది, చాలా దిగులుగా ఉంది.

సంతకం పెట్టాలనిపిస్తే పెట్టు, నిన్ను ఒక్క మాట అనను. నేను సరేనన్నానని మాత్రం పెట్టకు. నేను సరే అనలేదు.

ఇట్లు,
నీ మొగుడు