వేరే బండి ఎక్కదు

తమ్ముడూ,

నువ్వు పంపిన క్లచ్ ప్లేట్లు అందాయి. ఇక పార్టుల కోసం తిరగకు.

నీ మేనకోడలు ఈ పాత కారు తప్ప వేరే బండి ఎక్కదు కదా. వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, దీని పార్టులేమో ఇప్పుడు తయారు కావడం లేదని మంచం కింద రేడియేటరు, బీరువాలో బ్రేకు షూలు దాచిపెట్టుకున్నాను.

నిన్న మెకానిక్ కారు పైకెత్తి చూశాడు. "కింద అంతా తుప్పు తినేసింది మేడం. దీన్నిక రోడ్డెక్కించొద్దు," అన్నాడు.

"వెల్డింగ్ చేస్తే?"

"అతుకు పట్టించడానికి గట్టి రేకు ఎక్కడుంది?"

ఈ ఉదయం ఆసుపత్రికని పిల్ల తనే తయారై, వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. "అమ్మా, పోదాం," అంది. స్టీరింగు ముందు కూర్చున్నాను గానీ తాళం తిప్పలేదు.

అక్కడినుంచే ఇది రాస్తున్నాను. ఎండ ఎక్కింది. పిల్ల ఇంకా పోదామని అడుగుతూనే ఉంది.

అక్క